చక్రాలు లేని గాలిమోటరు

అద్దం వెనక టేకు విమానం నిగనిగలాడుతోంది. చూడండి బాగా. అది మీ ఎర.

అవును, మిమ్మల్నే. హన్మకొండలో బోర్డు కట్టి, ఊళ్లకు ఊళ్లను కువైట్‌కు ఎక్కించిన వాళ్లను.

దాన్ని చెక్కింది కొత్తవాడ వడ్రంగి ఏలియా.

గరగర... గరగర... గరుకు కాగితం కింద టేకు పొడి రాలేది. పక్కిళ్లలో జంపఖానాల మగ్గాలు. ఇతని వాకిట్లో గాలిమోటరు. విమానమని ఆ వాడలో ఎవరంటారు?

ఏలియా గాలిమోటరును నేల మీద ఎన్నడూ చూడలేదు. తల వెనక్కి వంచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి ఆకాశంలోనే చూశాడు. ఈ పని అప్పజెప్పి ఏజెంటు ఇచ్చిన క్యాలెండరు బొమ్మ కూడా మబ్బుల్లో ఎగిరేదే. రెక్కలు పెట్టాడు. తోక పెట్టాడు. వరుసగా కిటికీలు తొలిచాడు.

చక్రాలు — పెట్టలేదు.

భార్య కృపమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని పకపకా నవ్వింది.

"ఏందయ్యా, చక్రాలేవి దీనికి?"

"మీదికెల్లి పోయేదానికి చక్రాలెందుకే?"

"ఎక్కినోళ్లు దిగరా మరి? మబ్బులల్లనే ముసలోళ్లయితరా?"

ఏజెంటు రాజేశ్వర్ రావు కూడా నవ్వాడు. "ఉండనీ తియ్యిరా. ఎగిరేది చూస్తరు గని, దిగేది ఎవడు చూస్తడు?"

ఇనుప కడ్డీ మీద నిలబెట్టి, తన ఆఫీసు అద్దం వెనక పెట్టాడు.

జనం అద్దానికి ముక్కులు ఆనించి చూశారు. కృపమ్మా చూసింది. మొగుడు చేసిందే కదా — భయమెందుకు? షేకు ఇంట్లో వంటపని, రెండేళ్లే అన్నారు. వేలిముద్ర వేసింది.

ఎగిరింది.

నాలుగు క్రిస్మస్‌లు దాటాయి. ఉత్తరం లేదు. ఆమె పాసుపోర్టు షేకు పెట్టెలో ఉందట — కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ల మాట. చర్చిలో ఆడవాళ్ల వైపు, చాప మీద ఆమె చోటు ఖాళీ. పక్కింటి మరియమ్మ కాళ్లు ముడుచుకుని ఆ చోటును కాస్తుంది. ఏలియా అటు చూడడు.

గరగర... గరగర...

ఇప్పుడతను చక్రాలు చేస్తున్నాడు. చక్రాలే. రేగుపండంత చక్రాలు. కంచం పక్కన చక్రాలు. పక్కలో ఆమె పడుకునే చోట... చక్రాలు.

ఒకనాడు గుప్పెడు పట్టుకుని ఏజెంటు దగ్గరికి పోయాడు.

"ఇవి పెట్టనియ్యి సారూ."

"ఇప్పుడెందుకురా?"

"దిగాలె గద."

రాజేశ్వర్ రావు ఈసారి నవ్వలేదు. "పంపుడు మా పని. దింపుడు కాదు."

దింపుడు కాదట!

ఎక్కించిన ఏజెంట్లూ, కళ్లు మూసుకుని ముద్రలు గుద్దిన ఆఫీసర్లూ, ఓట్లప్పుడు తప్ప కొత్తవాడ దారి తెలియని లీడర్లూ — వినండి. మీ జాలి ఎవడిక్కావాలి? షేకు పెట్టె తెరిపించండి. ఆమె పాసుపోర్టు ఆమె చేతిలో పెట్టించండి. టికెట్టు మీరే కొనండి. చక్రాలు సిద్ధంగా ఉన్నాయి.

అద్దం వెనక టేకు విమానం నిగనిగలాడుతోంది. ఇంకా గాల్లోనే ఉంది...

దించండి.

కృపమ్మను దించండి.