గ్యాలరీలో మా ఆయన ఈల

మా ఆయన ఎజీదియో నా వంటకి వంక పెట్టని రోజు ఉందేమో గానీ, ఇంకొకరి పాటకి వంక పెట్టని రోజు లేదు. తన టోపీల కొట్టు మూసేసినప్పటినుంచీ, మా పార్మా ఊళ్ళో పాటల నాటకాలు ఆడే ఒపేరా థియేటర్లో పై గ్యాలరీకి ఆయనే పెద్ద దిక్కు. కింద మెత్తటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎంత చప్పట్లు కొట్టినా ఎవరూ పట్టించుకోరు. పాట ముగియగానే గ్యాలరీ అంతా మా ఆయన నోటివైపు చూస్తుంది. ఆయన ‘బ్రావా’ అంటే చప్పట్లు. ఈల వేస్తే అందరిదీ ఈలే. మా దగ్గర ఈల అంటే మెచ్చుకోలు కాదు, ఇక మూట సర్దుకోమని. అలా మూట సర్దుకుని ముక్కు చీదుకుంటూ రైలెక్కినవాళ్ళని నా కళ్ళతో చూశాను.

అలాంటి మహానుభావుడికి మనవరాలై పుట్టింది మా ఒంబ్రెత్తా. చర్చిలో పాడుతూ మొదలుపెట్టి, పక్క ఊళ్ళు మోదెనాలో, పియాచెన్జాలో చిన్న చిన్న వేషాలు వేసి, ఇరవై ఆరేళ్ళకే పేపర్లో ఫోటో వేయించుకుంది. ఇప్పుడు సొంత ఊళ్ళో మొదటిసారి నాయిక వేషం. ఇక్కడ నెగ్గితే మిలానో పెద్ద థియేటర్ నుంచి పిలుపు ఖాయం. ఈల పడితే మాత్రం ఇక పెళ్ళి విందుల్లో పాడుకోవాల్సిందే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆట. దానికి ముందు భోజనాల దగ్గర ముసలాయన్ని నిలదీశాను, సొంత మనవరాలి మీద కూడా ఈల వేస్తావా అని.

“తప్పు పాడితే వేస్తాను. చుట్టరికం మెట్ల కింద వదిలేసి పైకెక్కాలి,” అన్నాడు.

పక్కన మా ఇంటి సూపు జుర్రుతున్న ఆయన నేస్తం గుయెర్రీనో, అదే న్యాయం అన్నట్టు తలూపాడు. ఉప్పు తిన్న విశ్వాసమైనా లేదు.

ఒంబ్రెత్తా ఏడుస్తుందేమోనని చూస్తే, అది నవ్వుతోంది. “వెయ్యి తాతయ్యా. నువ్వు ఊరుకుంటే జాలిపడ్డావని నాకు తెలిసిపోతుంది.”

ముసలాయనకి పిచ్చి అని తెలుసు గానీ, అది వంశపారంపర్యమని ఆరోజే తెలిసింది. వీళ్ళని నమ్ముకుంటే పిల్ల బతుకు బుగ్గి అయిపోతుందని నా ఉపాయం నేను చేసుకున్నాను. సంచిలో తొర్రోనె పెట్టుకుని బయల్దేరాను. తేనె పాకంలో బాదం పప్పు వేసి బిగించిన మిఠాయి అది. పళ్ళ డాక్టరు వద్దన్నాడు కాబట్టి మా ఆయనకి దానిమీద ప్రాణం. నోట్లో మిఠాయి ఉన్నవాడు ఈల ఎలా వేస్తాడు?

మొదటి అంకం సాఫీగా గడిచింది. రెండో అంకంలో పెద్ద పాటకి ముందు ఓ పెద్ద ముక్క ఆయన చేతిలో పెట్టాను. అనుమానం లేకుండా గుటుక్కున వేసుకున్నాడు. పాట మధ్యలో ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి, పెదవులు సున్నా చుట్టుకున్నాయి, అంతే. గాలి కూడా రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, చివరి అంకం ముందు ఇంకో ముక్క అందించాను.

చివరి అంకంలో నాయిక విషం తాగింది. మా పిల్ల పాడుతూ పాడుతూ నేలకి ఒరిగిపోయింది. వాయిద్యాలు ఆగాయి. తెర పడింది. గ్యాలరీ అంతా మా ఆయన వైపు తిరిగింది.

ఆయన కట్టుడుపళ్ళు, పైవీ కిందివీ, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సగం లేచి, రెండు చేతులూ నోట్లో పెట్టి లాక్కుంటున్నాడు. వెనక వరసలవాళ్ళకి అది కనిపించలేదు, పెద్దాయనకి నచ్చలేదనే అనుకున్నారు. ఎవడో ఈల వెయ్యడానికి పెదవులు తడుపుకున్నాడు. చేజేతులా పిల్ల కొంప ముంచానే అనుకున్నాను.

ఇక వేరే దారి లేదు. ముందు వరసలో కూర్చున్న గుయెర్రీనో వీపు చాటున వంగి, ఇన్నేళ్ళుగా విన్న మా ఆయన బొంగురు గొంతుని నా గొంతులోకి తెచ్చుకుని, “బ్రావా!” అని గర్జించాను. గ్యాలరీ ఒక్కసారి విరుచుకుపడింది. చప్పట్లకి దుమ్ము రాలింది.

తర్వాత మేకప్ గదిలో పువ్వుల మధ్య ఒంబ్రెత్తా కూర్చుని ఉంది గానీ, మొహంలో సంతోషం లేదు.

“ఆ గొంతు నీదే కదా అమ్మమ్మా? నా చెవుల్నే మోసం చేద్దామనుకున్నావా?”

నేను మిఠాయి సంగతంతా కక్కేశాను. అది నావైపు చూడనే లేదు. అప్పటికి నోరు విడిపించుకున్న ముసలాయన వైపు తిరిగింది. “నిజం చెప్పు తాతయ్యా. నువ్వైతే ఏం చేసేవాడివి?”

“రెండో అంకంలో పై స్వరం వెంట్రుకవాసి దిగింది. ఈల వేసేవాణ్ణి.”

ఆయన్ని అక్కడే చంపేద్దామనిపించింది. అది మాత్రం మెల్లిగా తలూపింది. “నాకూ తెలిసింది. మరి చివర్లో?”

ముసలాయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. నలభై ఏళ్ళుగా స్టేజీమీద ఎందరు చచ్చినా, ఊపిరి సరిగ్గా తీసుకోలేదని తిట్టినవాడే గానీ కన్ను తడిపినవాడు కాదు.

“చివర్లో పాట నాకు వినపడలేదే,” అన్నాడు. “పిల్ల పడిపోయింది, ఎవరూ పట్టుకోరేంటని లేచాను. మెట్లదాకా వెళ్ళాలనుకున్నాను. మోకాళ్ళు రాలేదు.”

ఒంబ్రెత్తా తలమీది వేషం కిరీటం తీసి పక్కన పెట్టి, పువ్వుల్ని తోసుకుంటూ వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది.