మాట అడిగిన చెయ్యి

ఓట్లు లెక్కపెట్టడం మెంజియాకి కొత్త కాదు. వాల్‌సుట్ పంచాయతీకి ఇరవై రెండేళ్లుగా ఆమే గుమాస్తా. ఊరిసభలో ఎడమవైపు బల్లల చేతులు ఆమె లెక్క, కుడివైపు చేతులు పాలకేంద్రం నడిపే బర్లా లెక్క. ఈ ఊళ్లో బ్యాలెట్లు, పెట్టెలు లేవు. ఎత్తిన చెయ్యే ఓటు. ఎవరు ఎటు ఎత్తారో అందరూ చూస్తారు, పాలు పితికే వేళకి ఆ సంగతి ఆవులకి కూడా తెలిసిపోతుంది.

ఆ ఆదివారం చర్చి నుంచి జనం నేరుగా బడి హాల్లోకి వచ్చి కూర్చున్నారు. హాజరు డెబ్బై ఒక్కరు. తేల్చాల్సింది ఒక్కటే. వాల్‌సుట్ పంచాయతీని ఎత్తేసి లోయ కిందున్న తాల్‌బ్రుక్‌లో కలిపేయాలా, వద్దా? కలిస్తే రోడ్డు బాగుపడుతుంది, మంచు తీసే బండి వేళకి వస్తుంది. కానీ తాల్‌బ్రుక్ వాళ్లది జర్మన్. కలిసిన రోజు నుంచి ఆఫీసులో కాగితం జర్మన్, బళ్లో పాఠం జర్మన్. ఊరి భాష రొమాన్ష్ ఇక వంటింట్లోనూ పశువుల కొట్టంలోనూ తల దాచుకోవాలి.

దేశానికి నాలుగు భాషలున్నాయని రాజధాని బెర్న్‌లో పెద్దలు గొప్పగా చెప్పుకుంటారు. ఆ నాలుగో భాష బరువెంతో మెంజియా వేళ్లకి తెలుసు. ప్రతి నోటీసూ ఆమె రెండుసార్లు రాయాలి, ఒకసారి జర్మన్‌లో, ఒకసారి రొమాన్ష్‌లో. రాసినా ఊరివాళ్లు చదివేది జర్మన్ నోటీసే. రొమాన్ష్‌ది చదివేవాడు ఊరంతటికీ ఒక్కడు, రిటైరైన పోస్ట్‌మాన్ జాకెన్. ఎనభై దగ్గరపడ్డ మనిషి. ఊరికే చదివి పోతాడా, జేబులోంచి పెన్సిల్ తీసి తప్పులు దిద్దుతాడు. దిద్ది ఆఫీసు కిటికీలో తల పెడతాడు.

"ఏమే పిల్లా, ఈ మాటకి రెండో 'ఎల్' ఎక్కడ అప్పు తెచ్చావ్? మీ నాన్న ఉంటే చెవి మెలిపెట్టేవాడు."

"నాన్న లేకపోయినా మీరున్నారుగా బాబాయ్, ఆ లోటేం లేదు," అనేది మెంజియా. పైకి నవ్వేది. లోపల మాత్రం ఒళ్లు మండేది. ఆ ఒక్క మనిషి కోసం ఇరవై రెండేళ్లు రెట్టింపు చాకిరీ! కలిసిపోతే ఇక ఒక్కసారే రాయొచ్చు.

సభకి అధ్యక్షుడు వడ్రంగి ప్లాసీ. కొత్తగా వచ్చి స్థిరపడ్డ జర్మన్ మాట్లాడే కుటుంబాలు ముందు వరసలో ఉన్నాయని తీర్మానాన్ని మొదట జర్మన్‌లో చదివాడు. తర్వాత రొమాన్ష్‌లో చదవాలి. వెనక గదిలోంచి బార్లీ సూప్ వాసన వస్తోంది. ప్లాసీ గడియారం చూశాడు.

"అందరికీ అర్థమైందిగా? ఇంకోసారి చదివితే సూప్ చల్లారిపోతుంది. కలవాలన్నవాళ్లు చేతులెత్తండి!"

మెంజియా తన చెయ్యెత్తి, దాన్నీ కలుపుకుని లెక్కపెట్టింది. పదిహేను, పదహారు, పదిహేడు. చివరి బల్ల మీద జాకెన్ చెయ్యి లేచి ఉంది.

చెయ్యి కాదు, వేలు. ఈ ఊళ్లో విప్పిన అరచెయ్యి అంటే ఓటు. ఒక్క వేలు అంటే మాట్లాడే వంతు కావాలని. దాన్ని వాళ్లు 'మాట అడగడం' అంటారు. బళ్లో నేర్చుకున్న అలవాటు, చచ్చేదాకా పోదు. జాకెన్ పెదవులు కూడా కదులుతున్నాయి. 'మన భాషలో చదవండి' అంటున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది.

ముసలి చెయ్యి, కీళ్లనొప్పులు, వేళ్లన్నీ విచ్చుకోవు కదా అని లోపలెవరో అన్నారు. ఆ ఎవరో మెంజియాయే. పద్దెనిమిది అని రాసుకుంది.

"వద్దన్నవాళ్లు?"

జాకెన్ చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి కీళ్లనొప్పుల వేళ్లు ఐదూ చక్కగా విచ్చుకున్నాయి. మెంజియా దాన్నీ లెక్కపెట్టింది.

కలవాలన్నవాళ్లు ముప్పై ఆరు, వద్దన్నవాళ్లు ముప్పై అయిదు. మొత్తం డెబ్బై ఒకటి, హాజరుతో సరిపోయింది. ప్లాసీ తృప్తిగా బల్ల మీద కొట్టాడు. అధ్యక్షుడు చెయ్యెత్తడని, అందుకని ఓట్లు డెబ్బైకి మించకూడదని ఎవరికీ తట్టలేదు. మెంజియాకి తట్టింది, సూప్ గిన్నె చేతిలో ఉండగా. ఆ వేలు తీసేస్తే ముప్పై అయిదుకి ముప్పై అయిదు. సరిసమానమైతే పాతదే నిలవాలని ఊరి నిబంధన. గిన్నె బల్ల మీద పెట్టేసింది.

అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో రాష్ట్ర రాజధాని కుయిరాలో కోర్టుకి రాసుకోవాలి. గడువు దాటితే ఆ లెక్కని ఇక ఎవరూ కదిలించలేరు. రేపు ప్లాసీకి చెప్తాను అనుకుంది మెంజియా. ఆ రేపు రోజూ వచ్చింది. పొరపాటైందని చెప్పడం ఎంతసేపు? కానీ అది పొరపాటు కాదు, అదీ చిక్కు. పొరపాటని చెప్తే అబద్ధం, నిజం చెప్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ప్లాసీ ఎదురుపడినప్పుడల్లా వాతావరణం గురించే మాట్లాడింది. తనంటే తనకే అసహ్యం వేసింది. అయినా నోరు తెరవలేదు.

పన్నెండో రోజున జాకెన్ ఆఫీసుకి వచ్చాడు. కిటికీలో తల పెట్టలేదు, లోపలికొచ్చి టోపీ తీసి కూర్చున్నాడు.

"ఓడిపోయాం, పోనీలే. ఒక్క సాయం చెయ్యవే. ఆ రోజు నేను మాట అడిగాను. ప్లాసీ చూడలేదు. మినిట్స్‌లో అదైనా రాస్తావా?"

మెంజియా కలం మూత పెట్టింది, తీసింది.

"ఇప్పుడు రాస్తే ఏమొస్తుంది బాబాయ్?"

"నాకేమొస్తుంది, పింఛను పెరుగుతుందా? తప్పు నాదే. గట్టిగా అరవాల్సింది. మన భాషలో చదివుంటే ఒక్కడైనా మనసు మార్చుకునేవాడేమో. ఒక్క చెయ్యి చాలు కదే! నిద్ర పట్టడంలేదు. ఊరు నా మూలంగా పోయినట్టుంది."

అప్పుడే చెప్పేయాల్సింది. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"రాస్తాను బాబాయ్," అంది.

"నీకు మాత్రమే చెప్పుకోగలను పిల్లా. నా నేస్తం కూతురివి," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మినిట్స్ ముప్పై ఒకటో రోజున నోటీసు బోర్డుకెక్కాయి. అన్నాళ్లు ఎందుకు పట్టిందని ఎవరూ అడగలేదు. జర్మన్ ప్రతి పక్కన రొమాన్ష్ ప్రతి, అదే ఆఖరిది. అందులో ఆమె ఇచ్చిన మాట ప్రకారం ఒక వాక్యం ఉంది. 'కలవాలన్నవారి చేతులు లెక్కిస్తున్న సమయంలో జాకెన్ మాట అడిగారు, ఇవ్వబడలేదు.' ఆ వాక్యం నిజం. అంత నిజం రాయడానికి కూడా ఆమెకి గడువు దాటాల్సివచ్చింది.

కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. జాకెన్ వచ్చాడు. పెన్సిల్ తీసి పై నుంచి కిందికి చదువుకుంటూ ఒకచోట అక్షరం దిద్దాడు. తన పేరు దగ్గర ఆగి కొంచెం నవ్వాడు. ఆ తర్వాత అంకెల దగ్గర ఆగాడు. పెన్సిల్ మొనతో ఓట్లు కూడి హాజరుతో పోల్చుకున్నాడు. ఉత్తరాలు పంచినన్నాళ్లూ అంకె తప్పని మనిషి.

లోపలికొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ప్లాసీ చెయ్యెత్తడు కదా?"

"ఎత్తరు."

"అయితే ఆ ముప్పై ఆరులో నా వేలు ఉందా పిల్లా?"

ఈసారి లోపలెవరూ ఏమీ అనలేదు.

"ఉంది బాబాయ్."

"చూసే రాశావా?"

"చూసే."

"గడువు?"

"నిన్నటితో అయిపోయింది."

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. తిట్టమని, చెవి మెలిపెట్టమని ఆయన వంక చూసింది. జాకెన్ పెన్సిల్‌ని ఆమె బల్ల మీద పెట్టాడు. టోపీ సర్దుకుని, ఆమె పుట్టాక నలభై ఏడేళ్లలో ఆమెతో ఒక్కసారి కూడా మాట్లాడని జర్మన్‌లో, కొత్తవాళ్లతో మాట్లాడే మర్యాదతో అన్నాడు.

"ధన్యవాదాలు మేడమ్. సెలవండి."

ఆయన జర్మన్‌లో ఒక్క తప్పు కూడా లేదు.