ముహూర్తం నాడు తెగిన దారి

నేను ఒక సైకిల్ దారిని. పెద్ద రోడ్డుకు ఎడమ పక్కన ఆరడుగుల వెడల్పున పచ్చరంగు పూసి, అంచున పొట్టి ప్లాస్టిక్ స్తంభాలు పాతితే నేను తయారయ్యాను. బస్తీ మలుపు దగ్గర మొదలై సర్కారు బడి దాకా పోతాను. పోతానని కాగితాల్లో ఉంది. నిజానికి నడుమ నూట ఇరవై అడుగులు నేను లేను.

దానికి కారణం మంచి ముహూర్తం. నన్ను ప్రారంభించడానికి ఒక పెద్దమనిషి పంతులుగారిని అడిగి మరీ రోజు పెట్టించారు. అంత మంచి రోజును పెళ్లివాళ్లు మాత్రం వదులుతారా? నా దారిలో ఉన్న ఫంక్షన్ హాలులో అదే పూట పెళ్లి. రోడ్డు పక్కన కార్లు బారులు తీరాయి. రంగువాళ్లేమో రాహుకాలం రాకముందే పని ముగించాలి. కార్ల దాకా పూశారు, కార్లు దాటాక మళ్లీ పూశారు. పెళ్లివాళ్లు వెళ్లేసరికి రంగువాళ్లూ వెళ్లిపోయారు. రికార్డులో నేను పూర్తయ్యాను.

మొదట్లో నా మీద సైకిళ్లు తప్ప అన్నీ ఉండేవి. ఇడ్లీ బండి, ఎండుమిరపకాయలు ఆరేసిన చీర, వరసగా ఆటోలు. ఎవరో ఒకరికి పనికొస్తున్నాను కదా అనుకునేదాన్ని. అప్పుడు అండాలు వచ్చింది.

అండాలు బడిలో వంట చేస్తుంది. నలభై రెండేళ్ల వయసులో కూతురి దగ్గర సైకిలు నేర్చుకుంది. ఏడింటికి ఆమె వెళ్లి పొయ్యి వెలిగిస్తేనే పిల్లలకు రాగిజావ అందుతుంది. ఆ వేళకు బస్తీ నుంచి బస్సు లేదు. కొంగు బొడ్లో దోపి, పెదవులు బిగించి, గీత గీసినట్టు తొక్కేది. నేను తెగిన చోటికి రాగానే ఆమె చేతులు బిగుసుకునేవి. అక్కడ పాలవ్యాన్లు ఆగి ఉంటాయి. ఫుట్‌పాత్ మీద హాలువాళ్ల జనరేటరు. బస్సుల నడుమకు దిగక తప్పదు. ఒకరోజు హారన్‌కు బెదిరి పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది.

ఆమె భర్త ఎల్లేశం ఆటో నడుపుతాడు. ఆ ఆటో నిలిపేది నా మీదే. సాయంత్రం అక్కడే ఆమె మోచేతి కట్టు చూశాడు.

"ఇంకొక్కసారి పడ్డవంటే సైకిల్ అమ్మేస్త."

"నేను పడ్డది పచ్చరంగు మీద గాదు. రంగు లేని కాడ."

"రంగుంటే పడకపోదువా?"

"రంగుంటే నీ ఆటో అడ్డముంటది. దానికి గుద్దుకుంటే గిన్ని దెబ్బలు తాకయి."

పక్కనున్న ఆటోవాళ్లు నవ్వారు. ఎల్లేశం నవ్వలేదు. "సోమవారం నీ ఎనక నేనే వస్త. బస్సుల నడుమకు దిగినవా, గా రోజుతోటి సైకిల్ బంద్."

మర్నాడు అండాలు ఫంక్షన్ హాలు వాచ్‌మన్ మొగులయ్య దగ్గర ఆగింది. "అన్నా, గా వ్యాన్లను జర ముందుకు ఆపమనరాదె."

"వ్యానోళ్లు నా మాట ఇనరు చెల్లె. కుర్చీ మాటయితే ఇంటరు."

అతను చెప్పింది నిజమే. ఇక్కడ రోడ్డు మీద కుర్చీ వేశారంటే పెళ్లో చావో అయి ఉంటుంది. ఎంత తొందరలో ఉన్నవాడైనా బండి పక్కకు తీస్తాడు.

సోమవారం పొద్దున మొగులయ్య పన్నెండు ఎర్ర కుర్చీలు నా అంచు ఉండవలసిన చోట వరసగా వేశాడు. పాలవ్యాన్లు ముందుకు వెళ్లి ఆగాయి. బస్సులు కొంచెం పక్కకు జరిగి పోయాయి. ఒక డ్రైవరు తల బయటపెట్టి, "ఎవరు పోయిన్రే?" అని అడిగాడు.

"ఎవ్వరు పోలే. మా చెల్లె డ్యూటీకి పోతున్నది," అన్నాడు మొగులయ్య.

అండాలు వచ్చింది. కుర్చీలను చూసి వేగం తగ్గించింది కానీ కాలు కింద పెట్టలేదు. చివరి కుర్చీ దాటాక ఒక్కసారి గంట కొట్టి, బడి వైపు వెళ్లిపోయింది.

వెనకే వచ్చిన ఎల్లేశం ఆటో దిగాడు. మొగులయ్య భయపడ్డాడు. "ఏమన్న తప్పయిందా తమ్మి?"

ఎల్లేశం కుర్చీల వరస వెంట నడిచాడు. మూడో కుర్చీని అరడుగు రోడ్డు వైపు జరిపాడు. "గిది లోపటికున్నది. ఆమె హ్యాండిలుకు తాకుతది." తర్వాత ఒక చివర నిలబడి, ఒక కన్ను మూసి, వరస సరిచూశాడు. "అన్నా, పన్నెండు సాలవు. రేపటి సంది నేను గూడ వస్త, ఇంకో నాలుగేద్దాం."

రంగువాళ్లు ఇంకా రాలేదు. రోజూ పొద్దున అరగంట సేపు, ఆ నూట ఇరవై అడుగుల మేర, నేను పదహారు కుర్చీలనై ఉంటాను.