సాగదీసిన నిమిషాలు

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు పోతుంటే ఆశీర్వాదానికి కాళ్లు కదిలేవి కావు. సత్యనారాయణపేటలో అతను అద్దెకున్న గదిలో చాప, స్టవ్, ఒక కిటికీ ఉన్నాయి. పలకరించే మనిషి లేడు. ఆదోని నుంచి బళ్లారి వచ్చి జీన్స్ ఫ్యాక్టరీలో కటింగ్ పనికి చేరి ఏడాది దాటింది. వారమంతా మిషన్ల హోరులో ఎలాగో గడిచిపోయేది గానీ, ఆదివారం మధ్యాహ్నం మాత్రం గుండె మీద ఎక్కి కూర్చునేది.

అందుకే సూపర్‌వైజర్ పంపాపతి ఒకనాడు, "హగరి ఏటి పక్కన మా మామ తోట ఉండాది, వస్తావా ఆశీర్వాదప్పా?" అని పిలిస్తే, ఎందుకని కూడా అడగకుండా బండి తీశాడు.

ఎందుకో అక్కడికి పోయాక తెలిసింది. మోటారు కొట్టం ముందు బీరు సీసాలు, టీ గ్లాసులు వరసగా పెట్టి ఉన్నాయి. నిమిషం నిండగానే ఒకరు చెంచాతో స్టీలు చెంబు మీద ఠంగున కొట్టాలి. కొట్టినప్పుడల్లా మిగతావాళ్లు తలా ఒక గ్లాసు గుటుక్కున మింగాలి. అలా పూర్తిగా గంటసేపు. చివరిదాకా నిలిచినవాడే మొగోడు. పెద్ద ఘనకార్యం మరి!

టైం చూసేవాడు తాగకూడదు. వాళ్ల ఎరుకలో తాగనివాడు ఆశీర్వాదం ఒక్కడే. పాత మిషన్ చర్చి కుటుంబం, చిన్నప్పుడే చేసిన ప్రమాణం. ఆ ప్రమాణం వల్ల అంతవరకూ ఎవరూ అతన్ని దేనికీ పిలవలేదు. ఇప్పుడు దాని వల్లే నలుగురిలో చోటు దొరికింది. చెంచా చేతిలోకి తీసుకుంటుంటే అతనికి పండగలా అనిపించింది.

అలా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే ఆట, ప్రతిసారీ చివరిదాకా నిలిచేది శరణ్. బజారులో బట్టల కొట్టున్న శెట్టిగారి చిన్న కొడుకు, ఫ్యాక్టరీ ఆఫీసులో పని. ఇంట్లో అన్న మాటకే చెల్లుబాటు, ఇతన్ని పూచికపుల్లలా తీసిపారేస్తారు. అందుకే ఈ గెలుపు అతనికి ప్రాణం. తిరుగు దారిలో బండి వెనక కూర్చుని, ఆశీర్వాదం భుజం మీద గడ్డం ఆనించి అడిగేవాడు: "నన్ను గెలిచేటోడు ఉండాడా ఆశీ?"

అతన్ని ఆశీ అని పిలిచింది చనిపోయిన అమ్మ తర్వాత శరణ్ ఒక్కడే.

కొన్ని వారాలకే ఒకసారి శరణ్ కళ్లు తేలేశాడు. ఆశీర్వాదానికి పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దని చెబుదామంటే మళ్లీ పిలవరేమోనని భయం. అందుకని దొంగదారి పట్టాడు. ఫోన్లో నిమిషం నిండినా చెంచా ఎత్తేవాడు కాదు. తల వంచుకుని, మనసులో 'పరలోకమందున్న మా తండ్రీ' అంటూ పరలోక ప్రార్థన మొదటినుంచి చివరిదాకా దేవుడికే విసుగు పుట్టేంత నిదానంగా చెప్పుకుని, ఆమేన్ అన్నాకే కొట్టేవాడు. గంట గడిచేసరికి తాగాల్సిన దాంట్లో సగమే లోపలికి పోయేది. తాగేవాళ్లు గడియారం చూస్తారా, పాడా! శరణ్ గెలుస్తూనే ఉన్నాడు.

వానలు తగ్గాక ఒక శనివారం పంపాపతి తన ఫోన్ చూపించాడు. "ఇదో యాప్ వేసుకుంటిమప్పా. నిమిషానికొకతూరి ఇదే మోగుతాది. బిడప్పా, వదిలెయ్, ఇంగ నీకు శ్రమేంటికి? హాయిగా చర్చి చూసుకో."

ఆశీర్వాదం నవ్వి మిషన్ దగ్గరికి పోయాడు. యాప్‌కు ప్రార్థన రాదన్న సంగతి అప్పుడతనికి తట్టనే లేదు. తనను పక్కన పెట్టేశారన్న దుఃఖమే మిగిలింది.

మర్నాడు ఆరాధన అయ్యాక గదికి పోలేకపోయాడు. బొరుగుల మండక్కి, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని, సిగ్గు విడిచి, పిలవని పేరంటానికి బయలుదేరాడు.

అతను చేరేసరికి గోడ మీద పెట్టిన ఫోన్ మోగుతోంది. శరణ్ నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నెత్తిన నీళ్లు కుమ్మరించినట్టున్నారు, చొక్కా తడిసి ముద్దయింది. గొంతులో గురగుర, పెదాలు నీలం. హులిగేశ్ అనే కుర్రాడు అతని నోట్లో మజ్జిగ పోయబోతున్నాడు.

"పండుకోనీప్పా, నిద్ర పట్టిండాది. వారం వారం పూర్తి గంట తాగే మొగోడు, వీనికేమైతాది?" అన్నాడు పంపాపతి తూలుతూ.

ఆశీర్వాదం పొట్లం కింద పడేసి ముందుకు దూకాడు. పూర్తి గంట శరణ్ ఎన్నడూ తాగలేదు. తాగగలడని అందరినీ నమ్మించింది తనే.

"పోయొద్దు! ఊపిరితిత్తుల్లోకి పోతే సచ్చిపోతాడు!" అని అరిచి మజ్జిగ చెంబు తోసేశాడు. అతను అరవగా వాళ్లెన్నడూ వినలేదు. శరణ్‌ను పక్కకు ఒత్తిగిలించి, చెంప కింద చెయ్యి పెట్టి, రెండో చేత్తో నూటెనిమిదికి ఫోన్ చేశాడు. శ్వాస ఆగుతోంది, మళ్లీ వస్తోంది. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట గుర్తు రాలేదు. గోడ మీద ఫోన్ మాత్రం నిమిషం తప్పకుండా మోగుతూనే ఉంది.

శరణ్ బతికాడు. ఆస్పత్రి వార్డులో ఆశీర్వాదం పక్కన కూర్చుంటే, పాలిపోయిన మొహంతోనే నవ్వాడు.

"ఆ దినం కడుపు బాగలేక అట్లయిండాది, ఆశీ. లేకుంటే నేను ఓడిపోయేటోన్నా? ఇంటికి పోనీ, మళ్లా కూర్చుంటా. ఆ యాప్ వద్దు. నువ్వే కొట్టాల. నువ్వుంటే నాకు ధైర్యం."

బళ్లారి వచ్చినప్పటినుంచి అతను ఎదురుచూసిన పిలుపు అది. సరేనంటే చాలు, ఆదివారాలు తిరిగి వస్తాయి. ఆశీర్వాదం మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాడు.

"పూర్తి గంట నువ్వెప్పుడూ గెలవలేదు శరణ్. నేను ఆలస్యంగా కొడతాంటి. నువ్వు సగమే తాగింటివి. మళ్లా కూర్చుంటే సచ్చిపోతావు."

శరణ్ మోచేతి మీద లేచాడు. "ఒక్కతూరి కూడా గెలవలేదా?"

"ఒక్కతూరి కూడా."

శరణ్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "పో ఆశీర్వాదం," అన్నాడు.

శరణ్ ఆ తర్వాత తాగలేదని ఫ్యాక్టరీలో చెప్పుకున్నారు. అతను ఆశీర్వాదంతో మాట్లాడనూ లేదు. పై ఆదివారం చర్చిలో అందరూ లేచి ఒక్క గొంతుతో పరలోక ప్రార్థన చెప్పి, ఆమేన్ అని కూర్చున్నారు. కళ్లు మూసుకున్న ఆశీర్వాదం ఒక్కడే నిలబడి, ఇంకా సగంలోనే ఉన్నాడు.