సెల్లారు నీళ్లు మెట్లెక్కిన రోజు

వాన పడిందంటే చాలు, మర్నాడు పొద్దున టైలరమ్మకి ఒకటే పని. కుట్టుమిషన్‌ని ఇటుకల మీదికెక్కించడం, గుడ్డలన్నీ బల్ల మీదికి చేర్చడం, సెల్లారులో నిలిచిన నీళ్లని మగ్గుతో బకెట్లోకి ఎత్తడం. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఆ సెల్లారే. ఉండేదీ అక్కడే, కుట్టేదీ అక్కడే. పై అంతస్తులో ఉన్న మరిదికి మాత్రం అది కంట్లో నలుసు.

"వదినా, ఇంకొక్కసారి నీళ్లొచ్చాయంటే మట్టి పోయించి పూడ్చేస్తా. ఇల్లు కుంగితే ఎవరు చూస్తారు?" అన్నాడు మెట్ల మీద నుంచే. చెప్పులు తడుస్తాయని కిందికి దిగడు మహానుభావుడు.

"పూడ్చు, చూద్దాం. ముందు నన్ను పూడ్చాలి మరి!"

ఆ పంతంతోనే ఉలీ సుత్తీ పట్టింది. గోడలో నీళ్లూరే పగులుని లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా చెక్కి, తొందరగా గట్టిపడే సిమెంటు ఉండ కూరి, అది వేడెక్కేదాకా అరచేత్తో అదిమిపట్టింది. ఒకటి మూస్తే జానెడు అవతల ఇంకోటి. పదకొండు మూసింది. పన్నెండోది మిషన్ వెనక ఊరడం మొదలెట్టింది. అందరూ చేసే తప్పే తనూ చేస్తున్నానని అప్పుడు తట్టిందామెకి. బయట నీళ్లు ఆగకుండా లోపల ఎన్ని మూసి ఏం లాభం? బయటికెళ్లి చూస్తే ఇంకేముంది, మరిది డాబా మీది వాననీళ్ల గొట్టం తిన్నగా ఆ గోడ మొదట్లోనే కుమ్మరిస్తోంది.

"గొట్టం అటు తిప్పించవయ్యా."

"నా గొట్టం, నా ఇష్టం."

ఒళ్లు మండిపోయింది. గబగబా కిందికొచ్చి, నడుం మీద చేతులేసుకుని నీళ్లతో అంది: "మీ తప్పేం లేదమ్మా. మిమ్మల్ని పంపినవాడు పైనున్నాడు. వెళ్లి వాణ్ణే అడగండి."

నీళ్లు లేచాయి. ఒక్కో మెట్టే ఎక్కాయి. ఎదురొచ్చిన పోస్టుమాన్ గోడకి ఒత్తుకుని, "నిదానం, ఆ మెట్టు విరిగింది," అని దారిచ్చాడు. తలుపు సందులోంచి దూరి, మరిది హాల్లో చీలమండ లోతున బైఠాయించాయి.

"వదినా! వీటిని తీసుకుపో!" సోఫా ఎక్కి గావుకేకలు పెట్టాడు మరిది.

"నాకేం సంబంధం? నీ నీళ్లే కదా," అంది టైలరమ్మ గుమ్మంలో నిలబడి.

తోడికోడలు చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మొగుడి చేతికి పార అందించింది. "ముందు వెళ్లి గొట్టం తిప్పి రండి. ఇవి ఊరికే పోయేలా లేవు."

గొట్టం తిప్పాడు. గోడ పక్క మట్టిని ఏటవాలుగా సర్దాడు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి నీళ్లు అంగుళం కూడా కదల్లేదు.

"ఇంకేం కావాలంట?"

"నోటితో ఒప్పుకోవాలి కాబోలు," అంది తోడికోడలు.

"సెల్లారు వదినది," అని గొణిగాడు.

"నాకే వినపడలేదు," అంది టైలరమ్మ. "ఇక వాటికేం వినపడుతుంది?"

"సెల్లారు వదినదే! ఎవడూ పూడ్చడు!"

ఆ అరుపుకి ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. వీధి వీధంతా విన్నాక నీళ్లు లేచి, మెట్లు దిగి కాలవ దారి పట్టాయి. టైలరమ్మ తలెత్తుకుని, వాటి వెనకే తన గదిలోకి దిగింది.