సున్నా గడి మనిషి

కార్యాలయం అడుగున, కిటికీ లేని రికార్డు గదిలో ఆమెకిది పదకొండో వారం. నిజానికి అక్కడ ఎవరైనా ఒక్క వారమే కూర్చోవాలి. సిబ్బంది ఏడుగురు, కూర్చునే చోట్లు ఏడు. సోమవారం రాగానే కంప్యూటరు అందరినీ ఒక్కో చోటు ముందుకు జరుపుతుంది. మిగతా ఆరుగురూ చక్కగా తిరుగుతున్నారు. ఈమె ఒక్కతే మేకు కొట్టినట్టు అక్కడే ఉండిపోయింది.

గట్టిగా అడుగుదామా అంటే, ఆ ప్రోగ్రాం రాసింది సాక్షాత్తూ వదిన, ఆమె భర్తకి స్వయానా అక్క. ఈ ఉద్యోగం వేయించిందీ ఆవిడే. భర్త కూడా ఆ ఏడుగురిలో ఒకడాయె. ఒకసారి నసిగితే వదిన, "అది మిషనమ్మా, దానికి నావాళ్ళూ పరాయివాళ్ళూ ఉండరు" అని తేల్చేసింది. నోట్లో నాలుక లేని మనిషి కదా, నోరు మూసుకుంది.

దుమ్ముకి దగ్గు పట్టుకుంది. సాయంత్రం మెట్లెక్కి బయటికొస్తే వెలుగుకి కళ్ళు చికిలించాల్సి వస్తోంది. ఈ గదిలోనే ముసలిదాన్నైపోతానని ఆమెకి నిజంగానే భయం వేసింది.

పాత ఫైళ్ళ మధ్య ప్రోగ్రామింగ్ పాఠాల పుస్తకం ఒకటి దొరికితే, పొద్దుపోక తెరిచింది. మొదటి పాఠం పేరు అర్రే. ఎవరినో కేకేసినట్టుందని నవ్వుకుంది. తీరా చూస్తే అది వరుసగా ఉన్న గళ్ళు, గడికొక విలువ. లెక్క మాత్రం ఒకటితో కాదు, సున్నాతో మొదలు. ఏడు గళ్ళుంటే చివరిది ఆరోది. మనిషన్నవాడు ఒకటి నుంచి కదా లెక్కపెడతాడు, వీళ్ళకేం పోయేకాలం అని విసుక్కుంది. కొత్తవాళ్ళు తరచూ సున్నా గడిని మర్చిపోతారని కింద రాసి ఉంది.

అది చదవగానే, అలా మర్చిపోయిన గడి తనదేనేమోనని పుస్తకం పట్టుకుని లేచింది.

వదిన ప్రోగ్రాం ఆ గదిలోని పాత మిషన్‌లోనే ఉంది. తెరిచి, పుస్తకం పక్కన పెట్టుకుని వేలు ఆనించి ఒక్కో వరుసా చదివింది. సున్నా గడి అంటే రికార్డు గది. చివరి గడిలోని పేరుని పక్కన దాచుకోవాలి, తక్కిన పేర్లన్నీ ఒక్కో గడి జరపాలి, దాచిన పేరుని మొదట్లో పెట్టాలి. 'మొదలు' అన్న చోట సున్నా ఉండాల్సింది పోయి ఒకటి ఉంది. అందుకే సున్నా గడిలోని పేరు ఎప్పటికీ కదలడం లేదు.

పొరపాటేనన్నమాట. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం వదినని కిందకి పిలిచింది.

"వదినా, చిన్న తప్పు దొర్లిందండీ. ఇక్కడ సున్నా పెట్టాలి, ఒకటి పెట్టారు."

వదిన తెర వైపు చూడలేదు. పుస్తకం వైపు చూసింది. "ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"ఇక్కడ ఇంకేం పనుందండీ?"

"తప్పు కాదులే," అంది వదిన. "ఎవరో ఒకరు ఇక్కడ పడుండాలి. ఎవర్ని పెట్టినా గొడవే. నువ్వైతే కిమ్మనవు."

"ఆయనకి తెలుసా?"

"వాడే అడిగాడు. ఈ గదిలో వాడికి ఊపిరాడదు. నీకైతే అలవాటైపోతుందన్నాడు."

ఆమెకి ఒళ్ళు మండింది. ప్రతి ఆదివారం, "రేపైనా మారుతుందిలే" అని తన వీపు నిమిరిన మనిషి ఆయనే మరి.

"మార్చకు, ఇంట్లో రచ్చవుతుంది," అని చెప్పి వదిన మెట్లెక్కింది.

ఆమె ఒకటి తీసేసి సున్నా కొట్టింది. ఆ వారం ఆరో గడిలో ఎవరున్నారో చూసుకుంది. తర్వాత కొత్త జాబితా ప్రింటు తీసి, అందరూ చూసేలా పై అంతస్తు గోడకి తనే అంటించింది. ఆ తర్వాత దాన్ని మార్చే ధైర్యం వదినకి కూడా లేకపోయింది.

సోమవారం పొద్దున్న భర్త మెట్లు దిగి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"ఇక్కడ నాకు ఊపిరాడదని నీకు తెలుసు కదా."

"తెలుసండీ," అంటూ తాళం చెవులు ఆయన చేతిలో పెట్టింది. "నాకూ ఆడలేదు. మీరు అడగలేదు."