పైకొసన ఇటుక

పైకి విసిరిన వస్తువు పైకొసకు చేరి క్షణకాలం ఆగుతుందనీ, ఆగిన ఆ క్షణంలో దానికి బరువుండదనీ చాలామంది నమ్ముతారు. ఏర్పేడులో తాపీ పని చేసే ఇమ్మానుయేల్ ఇంట్లో ఈ నమ్మకం చేతులతో నేర్చుకున్నది. కింద నిలిచినవారు ఇటుకను పైకి విసురుతారు; పరంజా మీద ఇమ్మానుయేల్ అది ఆగే చోట చేయి చాపి అందుకుంటాడు.

అతని కూతురు గ్రేసీ ఇంటర్ భౌతికశాస్త్రంలో ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడో పరీక్ష మర్నాడే. ఇదీ పోతే తిరుప్పూరు బనియన్ల కంపెనీకి పంపాలని ఇంట్లో నిశ్చయమైంది. పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు బాలచంద్ర ఇంటి అరుగు మీద ఆమె పొద్దున్నుంచీ ఒకే లెక్కతో పెనుగులాడుతోంది: పదిహేను మీటర్ల మేడ అంచు నుంచి సెకనుకు పది మీటర్ల వేగంతో రాయిని నిట్టనిలువుగా పైకి విసిరితే, అది నేలను తాకడానికి పట్టే కాలమెంత?

రాయి పైకి పోయేదాకా గ్రేసీ తప్పు చేయదు. పైకొసన వేగం సున్నా అని రాస్తుంది. పక్కనే త్వరణమూ సున్నా అని రాస్తుంది. అక్కడి నుంచి ఆమె రాయి కిందికి రాదు.

"మళ్లీ త్వరణం కొట్టేసినావే?" అన్నాడు బాలచంద్ర.

"ఆడ బరువుండదు సార్. మా నాయన చేతిలో దూది మాదిరి వాల్తాది. సెలవుల్లో నేనే గదా విసిరేది."

"ఉంటుందని నిన్ననే చెప్పినాను."

"చెప్పినారు సార్. రాసేటప్పుడు చెయ్యి సున్నా దగ్గరికే పోతాది." ఆమె కలం కింద పెట్టి ముఖం కప్పుకుంది. "నా వల్ల కాదు సార్. బ్యాగు గూడా సర్దుకున్నాను."

బాలచంద్ర చెప్పులు వేసుకున్నాడు. "మీ నాయనకు ఈ పొద్దు యాడ పని?"

ఇద్దరూ పని చోటికి చేరేసరికి పరంజా మీది నుంచి ఇమ్మానుయేల్ నవ్వాడు. "రామ్మే కలెక్టరమ్మా! లెక్కలన్నీ అయిపోయినాయా?" కూతురి కళ్లు ఎర్రగా ఉండటం చూసి తాపీ కింద పెట్టాడు.

"పాప ఇటుక విసురుతుంది. నువ్వు పట్టుకోవద్దు," అన్నాడు బాలచంద్ర.

"పగిలిపోతాది సార్! మేస్త్రీ నన్ను తంతాడు."

"పగలనీ." ఆయన గ్రేసీ వైపు తిరిగాడు. "నీ లెక్క ప్రకారం పైకొసన వేగం లేదు, లాగేదీ లేదు. పట్టుకునేవాడు లేకుంటే ఇటుక ఏం చేయాల?"

గ్రేసీ పైకి చూసింది. "ఆడే ఉండిపోవాల సార్."

"విసురు. విసిరి పక్కకు జరుగు."

మొదటి ఇటుకను ఇమ్మానుయేల్ పట్టేసుకున్నాడు. "చేతులు నా మాట వినవు సార్," అని సిగ్గుపడ్డాడు. రెండోసారి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇటుక అతని రొమ్ము ఎత్తుకు వచ్చింది, దిగిపోయింది. కంకర మీద పడి ముక్కలైంది.

"నాయనా, పట్టుకున్నాక బరువుంటాది గదా?" అని అరిచింది గ్రేసీ.

"ఉండదా మరి? ఇటుక మ్మే అది!"

"అయితే ఆడ గూడా లాగతానే ఉండాది సార్. నాయన పట్టేసుకోబట్టే అది ఆడ నిలిచేదని నాకు తెలీలేదు."

ఆమె కంకర పక్కనే కూర్చుని, త్వరణాన్ని మొదటి నుంచి చివరిదాకా పది అనే ఉంచి లెక్క చేసింది. మూడు సెకన్లు వచ్చింది.

మర్నాటి ప్రశ్నపత్రంలో అలాంటి లెక్కే ఒకటి వచ్చింది. గ్రేసీ పైకొసన వేగాన్ని మాత్రమే సున్నా అని రాసింది; త్వరణాన్ని పదిగానే ఉంచింది. ఫలితాల్లో ఆమె ఉత్తీర్ణురాలైంది. తిరుప్పూరు వెళ్లలేదు.